గోడ దాటని నొప్పి

మా అవ్వ, అంటే మా బాపును కన్న తల్లి, బాయి దగ్గర నలుగురిలో కోడలిని పొగిడిన మాట ఒక్కటే ఒక్కటి. "మా కోడలు ఎన్ని దెబ్బలు తిన్నా గోడ అవతలికి ఇనవడది" అనేది. మిగతా అత్తలు తమ కోడళ్ల చేతి వంట గురించో, కలుపు తీసే చురుకు గురించో చెప్పుకునేవాళ్లు. మా అవ్వకు ఇదే గొప్ప. ఆ మాట అని కడవ నెత్తికెత్తుకుని ఆమె నడిచే నడక చూస్తే నాకు ఆ కడవను రాయి పెట్టి పగలగొట్టాలనిపించేది. ఒకసారి పగలగొట్టాను కూడా. దానికి నాకు పడ్డ వడ్డన మామూలుది కాదు.

మాది కోస్గికి దగ్గర్లో ఒక చిన్న ఊరు. ఇది యాభైల చివరి సంగతి. వాన పడితే జొన్న, కంది, ఆముదం. పడకపోతే మూటాముల్లె సర్దుకుని వలస. బాపు మనిషి బక్కపలచన, చెయ్యి మాత్రం బరువు. ఎద్దు మొరాయిస్తే ఎద్దును కొట్టేవాడు, వాన మొరాయిస్తే అమ్మను కొట్టేవాడు. మా ఊళ్లో ఇదేమీ వింత కాదు. పొద్దున ఏ వాకిట్లో నిలబడినా ఏదో ఒక ఇంట్లోంచి దెబ్బల చప్పుడు వచ్చేది. ఏడుపు మాత్రం వచ్చేది కాదు. కొట్టడం మగవాడి హక్కు, ఏడవడం ఆడదాని తప్పు. ఏడిస్తే ఇంటి పరువు బజారున పడుతుందనేవాళ్లు. కొడితే ఎందుకు పడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

కాపురానికి వచ్చిన కొత్తలో అమ్మ కూడా ఏడ్చేదట. ఒకనాడు గట్టిగా ఏడిస్తే, మర్నాడు బాయి దగ్గర ఆడవాళ్లు ఆ ఏడుపును అచ్చం అట్లాగే అనుకరించి పగలబడి నవ్వారట. ఇంటికి వచ్చాక అవ్వ "ఇంటి గుట్టు లంకకు చేటు" అని సామెత చెప్పి, బాపు చేతికి తానే ముల్లుగర్ర అందించిందట. ముల్లుగర్ర అంటే ఎద్దులను తోలే కట్టె, కొనకు ఇనుప ములికి ఉంటుంది. ఆనాటి నుంచి మా ఇంట్లో ఒక కట్టుబాటు వచ్చింది. నోరు లేస్తే ఇంకొకటి. అమ్మ కొంగు నోట్లో కుక్కుకోవడం నేర్చుకుంది. కొన్నాళ్లకు కొంగుతో కూడా పని లేకుండా పోయింది. నాకు బుద్ధి తెలిసే నాటికి, అమ్మను కొడుతుంటే ఆమె ముఖం చూసి ఎవరూ ఏమీ కనిపెట్టలేకపోయేవాళ్లు. కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, చల్ల చిలికేటప్పుడు ఎట్లా కూర్చుంటుందో అట్లాగే కూర్చునేది.

నేను అట్లా కాదు. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. నన్ను ముట్టుకుంటే ఊరంతా వినిపించేటట్టు అరిచేదాన్ని, కొట్టిన చేతిని దొరికించుకుని కరిచేదాన్ని. "ఇది ఏ కొంపల వడ్తదో, ఆ కొంప గంగల గలుస్తది" అని అవ్వ మెటికలు విరిచేది. మా ఇంట్లో దెబ్బలు తినేవాళ్లం ఇద్దరం, వినపడే దాన్ని నేనొక్కదాన్నే.

అమ్మకు కుడి భుజం వెనక ఒక మచ్చ ఉండేది. కాస్త పాలిపోయి, అంచుల్లో సన్నగా పొట్టు లేచి ఉండేది. చెమట కాలం పెరిగేది, చలికాలం తగ్గేది. శోభి అని అందరికీ తెలుసు. ఊళ్లో సగం మందికి మెడ మీదో రొమ్ము మీదో అటువంటిదే ఉండేది. వేపాకు నూరి రుద్దుకోవడం, మరిచిపోవడం. దాని గురించి ఆలోచించే తీరిక ఎవరికీ ఉండేది కాదు.

ఆ ఏడు ఎండలు మొదలయ్యే వేళకు మా ఊరికి మచ్చల సారు వచ్చాడు. ఎవరి ఒంటి మీద ఏ మచ్చ ఉంది, అందులో పెద్దరోగం ఎంతమందికి ఉంది అని ఊరూరా తిరిగి చూడడానికి పంపిన మనిషి. కుష్ఠు అనే మాటను మా వైపు ఎవరూ నోటితో అనరు. పెద్దరోగం అంటారు, అది కూడా గొంతు తగ్గించి. సారు సైకిలు మీద వచ్చి, పటేల్‌తో చెప్పి డప్పు వేయించాడు. మచ్చలున్న వాళ్లంతా చావడి ముందుకు చేరారు.

ఆయన దగ్గర ఒక కోడి ఈక, ఒక గుండుసూది ఉన్నాయి. కళ్లు మూసుకొమ్మని ఒంటి మీద అక్కడక్కడ ఈకతో తాకుతాడు. తాకిన చోట వేలు పెట్టి చూపాలి. తర్వాత సూదితో మెల్లగా గుచ్చుతాడు. నొస్తే నొస్తుందని చెప్పాలి. మచ్చ మీద ఏమీ తెలియకపోతే అనుమానించాల్సిందే. మాకందరికీ అదొక తమాషాగా ఉంది. మా వెనకింటి తాత ఈక తగలకముందే "నొస్తాంది, నొస్తాంది" అని మొత్తుకుంటే అందరూ నవ్వారు.

అమ్మ వంతు వచ్చింది. ఎదురుగా బాపు, పటేల్, ఊరి మగవాళ్లు. అంతమందిలో భుజం మీది కొంగు జరుపుకోవడానికే ఆమె సగం చచ్చిపోయింది. కళ్లు మూసుకుంది. సారు ఈకతో తాకాడు, కొంగును రెండు చేతులా అదుముకున్న అమ్మ వేలు ఎత్తలేదు. సూదితో గుచ్చాడు, పలకలేదు. వెనకాల ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు, ఆయనకు తొందర. కాస్త గట్టిగా గుచ్చాడు. మచ్చ నడుమ రక్తపు చుక్క లేచింది. అమ్మ చల్ల చిలుకుతున్నట్టే ఉంది. అవ్వ చుట్టూ ఒకసారి చూసింది. మా కోడలి ఓపిక చూడండి అన్నట్టున్న ఆ చూపు నాకు బాగా గుర్తు.

"స్పర్శ లేదు" అన్నాడు సారు.

ఆ వెంటనే ఆయన "భయపడకుండ్రి, ఇప్పుడు దీనికి మాత్రలు వచ్చినయి. అంగడి నాడు కోస్గిల క్యాంపు ఉంటది, పెద్ద డాక్టరమ్మ సూసి ఖాయం చేస్తది" అని కూడా చెప్పాడు. మంచివాడే పాపం. కానీ ఊరు మొదటి మాట దగ్గరే చెవులు మూసుకుంది. జనం అమ్మ చుట్టూ ఖాళీ వదిలి వెనక్కి జరిగారు. అవ్వ ముఖం మీది గర్వం ఉన్నది ఉన్నట్టే బిగుసుకుపోయింది.

సూదిని మా వాళ్లు పూర్తిగా నమ్మలేదు. సూది సర్కారుది. పొయ్యి మనది. ఆ సాయంత్రం మా వాకిట్లో ఆడా మగా మూగారు. అవ్వ పొయ్యిలో కొడవలి పెట్టింది. "సూది సన్నది, దానికేం తెలుస్తది. అగ్గి అబద్ధమాడది. సురుకు వెడ్త. రోగం లేకుంటే ఒర్రుతది, ఉంటే ఒర్రది" అన్నది. దెబ్బలకు అరవని కోడలని ఊరంతా చాటుకున్న మనిషి, ఆ సంగతే మరిచిపోయి అన్నది ఆ మాట.

ఇద్దరు ఆడవాళ్లు చేతులకు గుడ్డలు చుట్టుకుని అమ్మను పట్టుకున్నారు. బాపు నన్ను గుంజకేసి నొక్కిపెట్టాడు. కొడవలి మొన ఎర్రగా కాలింది. అవ్వ దాన్ని మచ్చ మీద ఆనించి నొక్కింది. ముందు చర్మం చిమచిమలాడింది, తర్వాత మాంసం కాలిన వాసన వచ్చింది. అరిచింది నేను. గొంతు చీరుకుపోయేటట్టు అరిచి, బాపు మణికట్టును పళ్ల మధ్య దొరకబుచ్చుకుని ఎముక తగిలేదాకా కరిచాను. ఆ గుర్తు ఆయన పోయేదాకా ఉంది. అమ్మ మాత్రం అరవలేదు. మెడ నరాలు తాళ్ల మాదిరి లేచాయి. కాలి బొటనవేలు మట్టిలో ఒక గుంత తవ్వింది. కాలి వైపు ఎవరూ చూడలేదు. అందరి కళ్లూ ఆమె నోటి మీదే ఉన్నాయి.

"సూసిన్రా, సోయి లేదు" అన్నది ఎవరో.

"పెద్దరోగమే. ఇగ అనుమానమే లేదు."

ఆ తర్వాత బాపు ఆమెను చేత్తో కొట్టలేదు. ముట్టుకోవాలంటే భయం పట్టుకుంది. ముల్లుగర్రను బారెడు దూరం నుంచి చాచి, వీపున పొడుస్తూ, దొడ్లోకి దూరిన పరాయి గొడ్డును తోలినట్టు వాకిట్లోంచి తోలాడు. వీధి వెంట తోలాడు. ఊరి బయట మా చేని గట్టున కూలడానికి సిద్ధంగా ఉన్న పాత కొట్టం ఒకటి ఉంది, దాంట్లోకి తోలాడు. వెనకనే అవ్వ ఒక చాప, ఒక మట్టి ముంత తెచ్చి దూరం నుంచి విసిరింది. నేను అమ్మ వెంట పోతుంటే బాపు నా జుట్టు పట్టి ఈడ్చాడు. పిడికెడు జుట్టు ఆయన చేతిలో వదిలేసి పరుగెత్తాను. "పో, నువ్వు గూడ సావు" అని అరిచాడు. చావలేదు, ఇదిగో రాస్తున్నాను.

మర్నాడు నీళ్లకు పోతే బాయి దగ్గరికి రానివ్వలేదు. ఒకప్పుడు అమ్మ ఏడుపును అనుకరించి నవ్వించిన ఆడమనిషి ఒకామె, మా పక్కింటావిడే, దూరం నుంచి రాయి విసిరింది. అది అమ్మ కనుబొమ్మ మీద తగిలి చిట్లింది. అమ్మ కొంగుతో రక్తం అదుముకుంది, చప్పుడు చేయలేదు. "గదో సూడుండ్రి, రాయి దాకినా తెలుస్తలేదు" అన్నది ఆమె. అమ్మ ఓర్చుకున్న కొద్దీ ఆమె మీద రోగం ఖాయమవుతోంది. నేను అదే రాయి తీసి తిప్పి కొట్టాను. నా గురి మంచిదే. ఆమె నుదురు పగిలింది. ఆమె ఏడుపు మాత్రం ఊళ్లోని గోడలన్నీ దాటింది. ఆమె మొగుడు వచ్చి నన్ను చెప్పుతో కొట్టాడు. నేను ఆయన పంచె లాగి పారేశాను. మంచి పని చేశాననే ఇప్పటికీ అనుకుంటాను.

కొట్టంలో అమ్మ బోర్లా పడుకునేది. కాలిన పుండు చీము పట్టింది. ఎవరూ చెప్పకుండానే నేను ఆముదంలో పసుపు కలిపి, గుడ్డ ముక్కతో అద్దడానికి కూర్చున్నాను. నా వేలు అంచుకు తగిలిందో లేదో భుజం మొత్తం జలదరించింది. నేను చెయ్యి తీశాను. మళ్లీ పెట్టాను. మళ్లీ జలదరించింది.

"అమ్మా, నొస్తాందా?"

"నొయ్యక ఏమైతది బిడ్డా? పాణం పోతాంది."

"మరి మచ్చల సారు సూది గుచ్చినప్పుడు?"

"సురుక్కుమన్నది."

"అవ్వ సురుకు వెట్టినప్పుడు?"

అమ్మ చాప పుల్లలు గిల్లింది. "కండ్లల్ల చుక్కలు వడ్డయి" అన్నది.

"మరెందుకు చెప్పలే?"

"మీ బాపు ముంగట ఎట్ల ఒర్రుదునే? ఓర్సుకుంటే ఇడిసిపెడ్తరనుకున్న."

బాపు మీద, అవ్వ మీద, ఊరి మీద ఉన్న నా కోపమంతా ఒక్కసారిగా అమ్మ మీదికి మళ్లింది. అగ్గి మీద గుగ్గిలమైపోయాను. చేతికందిన ముంతను గోడకేసి కొట్టాను. "నీ ఓర్పుకు అగ్గి వెట్ట" అని అరిచాను. కన్నతల్లిని అనకూడని మాట, అయినా అన్నాను. అమ్మ తల తిప్పి ముంత ముక్కల వైపు చూసింది. "గా ముంత ఒక్కటే ఉండె. ఇగ నీళ్లు దేంట్ల తాగుదాం?" అన్నది. అంత బాధలోనూ ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వితే పుండు లాగి అమ్మ మళ్లీ పళ్లు బిగించింది.

ఇక్కడ పరిస్థితి ఇట్లా ఉంటే, ఇంట్లో బాపుకు మారు లగ్గం మాటలు మొదలయ్యాయి. గోరుచుట్టు మీద రోకటి పోటు అంటే అదే. అవ్వ జడ్చర్ల వైపు ఒక పిల్లను చూసి వచ్చింది కూడా. ఒక్కటే అడ్డం, అమ్మ అన్నదమ్ములు. ఆడబిడ్డను ఊరికే వెళ్లగొట్టారంటే కర్రలు పట్టుకుని బండ్లు కట్టుకుని వస్తారు. అదే డాక్టరమ్మ నోటితో పెద్దరోగం అనిపిస్తే వాళ్లకు మాట ఉండదు. అందుకే బాపు అమ్మను కోస్గి క్యాంపుకు తీసుకుపోవడానికి ఒప్పుకున్నాడు, నయం చేయించాలని కాదు. అమ్మ మళ్లీ ఇంటి గడప తొక్కుతుందా, ఆ కొట్టంలోనే పురుగులు పట్టి పోతుందా అన్నది ఇప్పుడు డాక్టరమ్మ చెప్పే మాట మీద ఉంది. డాక్టరమ్మ చెప్పే మాట, అమ్మ నోరు తెరవడం మీద ఉంది. ఆ నోరు ఎట్లా తెరిపించాలో నాకు తెలియడం లేదు.

అంగడి నాడు బండిలో బాపు, అవ్వ కూర్చున్నారు. అమ్మను ఎక్కనివ్వలేదు, వెనకాల దుమ్ములో నడవమన్నారు. నేనూ దిగి నడిచాను. దారిలో ఒక తుమ్మముల్లు విరిచి పట్టుకున్నాను. బండి కాస్త ముందుకు పోగానే అమ్మ మోచేతి మీద గుచ్చాను.

"అబ్బా అను."

అమ్మ దవడ బిగించింది.

"అనవే అమ్మా, అబ్బా అను. జర అను."

"వస్తలేదే" అన్నది అమ్మ.

మళ్లీ గుచ్చాను. ఆమె గొంతు దాకా ఏదో వచ్చి ఆగి, గుటకై లోపలికి పోయేది. ఎట్లా అనాలో చూపించడానికి నా చేతి మీద నేను గుచ్చుకుని "అబ్బా" అని అరిచాను. బండిలోంచి బాపు తిరిగి చూసి "ఏందే నీ లొల్లి" అన్నాడు. అట్లా దారి పొడుగునా అమ్మ చేతిని నేను జల్లెడ చేశాను. కన్నతల్లిని ముళ్లతో పొడుచుకుంటూ తీసుకుపోయిన కూతురు మా తాలూకాలో నేనొక్కదాన్నే అయి ఉంటాను. కోస్గి వచ్చేసింది గానీ, అమ్మ నోటి నుంచి ఒక్క అక్షరం రాలేదు.

క్యాంపు అంగడి పక్కన డేరాలో పెట్టారు. బయట గజ్జి పిల్లలను వరుసగా కూర్చోబెట్టి, సబ్బునీళ్లతో పక్కులు ఊడేటట్టు తోమి, గంధకం మందు పూస్తున్నారు. ఆ పిల్లలు పెట్టే పెడబొబ్బలకు అంగడిలో బేరాలు వినపడడం లేదు. లోపల డాక్టరమ్మ ఉంది. తల నెరిసిన మనిషి, మా వైపు మనిషి కాదు, ఆంధ్ర మాట. మా మెట్ట ఊళ్ల చర్మరోగాల మీదనే ఏళ్లుగా పని చేస్తోందని, ఏ మచ్చ ఏదో, ఏ మందు దేనికి పని చేస్తుందో తేల్చడమే ఆమె పని అని బయట కూర్చున్నవాళ్లు చెప్పుకున్నారు. నాకు ఆమె నచ్చింది. ఆమెకూ కోపం ముక్కు మీదే ఉంది. వరుస తప్పిన ఒక పెద్దమనిషిని మేము చూస్తుండగానే కసిరి బయటికి పంపింది.

అమ్మను స్టూలు మీద కూర్చోబెట్టారు. బాపు ముల్లుగర్ర చేత పట్టుకునే లోపలికి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పక్కన అవ్వ. డాక్టరమ్మ కొంగు తీసి చూసింది.

"ఇదెవరు కాల్చారు?"

అవ్వ బాపు వెనక్కి జరిగింది. ఆమె కాలిన చోటు వదిలి, పక్కన మిగిలిన మచ్చ మీద సూది పెట్టింది. అమ్మ పలకలేదు. ఎడమ భుజం మీద, మచ్చే లేని చోట గుచ్చింది. పలకలేదు. అరచేతి మీద గుచ్చింది. పలకలేదు. డాక్టరమ్మ కళ్లద్దాలు సర్దుకుని అమ్మ ముఖంలోకి చూసింది.

"ఒళ్లంతా ఒకేసారి మొద్దుబారిన మనిషిని నేనింతవరకూ చూడలేదే" అన్నది.

ఇక నేను ఆగలేకపోయాను. "మా అమ్మకు నొస్తది దాక్టరమ్మా! బాపు ముంగట చెప్పది! మా అవ్వనే కొడవలితోని సురుకు వెట్టింది! ఊరి బయట కొట్టంల పడేసిన్రు!" అని అరిచాను.

బాపు చెయ్యి ఎప్పుడు లేచిందో చూడలేదు. చెంప మీద పడ్డ దెబ్బకు బల్ల మీద పడ్డాను, గాజు పలకలు కింద పడి పగిలాయి. పెదవి చీలి నోరంతా ఉప్పగా అయింది. ఆయన ముల్లుగర్ర తిరగేసి ఇంకొకటి వేశాడు. మూడోది పడేలోపు డాక్టరమ్మ తన స్టూలు ఎత్తి ఆయన రొమ్ముకు అడ్డం పెట్టి నెట్టింది. "బయటికి నడువ్! ఇది నా డేరా. ఇక్కడ చెయ్యెత్తితే చెయ్యి విరుగుతుంది" అన్నది. ఇద్దరు కంపౌండర్లు వచ్చి బాపును రెక్కలు పట్టి ఈడ్చుకుపోయారు. అవ్వ శాపనార్థాలు పెడుతూ వెనకే పోయింది. డేరా గుడ్డ దించి తాడు కట్టారు.

డాక్టరమ్మ అమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "చూడమ్మా, ఇది నీ ఓపిక చూసే పరీక్ష కాదు. నీకు నొప్పి తెలుస్తుందా లేదా అని చూసే పరీక్ష. నువ్వు ఓర్చుకుంటే లేని జబ్బు నేనే నీకు అంటగట్టినదాన్ని అవుతాను. నువ్వు ఆ కొట్టంలో ఉంటే ఈ పిల్ల ఎవరి చేతుల్లో ఉంటుందో ఇప్పుడే చూశావుగా" అన్నది.

అమ్మ నా వైపు చూసింది. నా గడ్డం మీది నుంచి రక్తం జాకెట్టు మీదికి కారుతోంది. డాక్టరమ్మ మచ్చ మీద సూది పెట్టింది. అమ్మ దొంగతనం ఒప్పుకుంటున్నట్టు, నేల చూస్తూ, "నొస్తాంది" అన్నది.

"ఇక్కడ?"

"ఆడ గూడ."

"ఇక్కడ?"

"ఆడ గూడ నొస్తాంది. అంతట నొస్తాంది దాక్టరమ్మా."

"సరే. పుండు కడుగుతాను. మంట పుడుతుంది, ఓర్చుకోకు" అని డాక్టరమ్మ కాలిన చోట అంటుకుపోయిన గుడ్డను ఒక్క లాగు లాగింది. అమ్మ నోరు తెరిచింది.

అటువంటి అరుపు నేను అంతకు ముందు వినలేదు, తర్వాత వినలేదు. "అమ్మా" అని మొదలై, మాట పోయి, ఊపిరి అయిపోయేదాకా సాగింది. ఊపిరి తీసుకుని మళ్లీ అరిచింది. మందు పోసిన కొద్దీ అరిచింది, పొయ్యడం ఆపాక కూడా అరిచింది. పెళ్లయిన నాటి నుంచి మింగినవన్నీ ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయని నాకు అర్థమైంది. బయట గజ్జి పిల్లలు భయపడి నోళ్లు మూశారు. అంగడిలో ఎద్దులు బెదిరి పలుపులు తెంచుకున్నాయట. బాపు డేరా గుడ్డను పీక్కుని లోపలికి వచ్చాడు. "ఏం జేసిన్రు? దాన్ని ఏం జేసిన్రు?" అన్నాడు. ఆయన ముఖం తెల్లబోయింది. బాపు భయపడగా నేను చూడడం అదే మొదలు. నాకెంతో సంతోషం కలిగింది.

అమ్మ అలిసిపోయి నా భుజం మీద తల ఆనించింది. డాక్టరమ్మ మచ్చ అంచున మిగిలిన పొట్టును గాజు పలక మీదికి గీకి, మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, అవ్వను పిలిచింది.

"రా, చూడు. మామిడికాయ పచ్చడి మీద బూజు పడుతుంది కదా, అలాంటిదే ఇది. శోభి. పెద్దరోగం కాదు, ఏమీ కాదు. పూతమందు ఇస్తాను, పోతుంది."

అవ్వ కన్ను పెట్టి చూసింది. "నాకేం కనవడ్తలేదు" అన్నది.

"కొడవలి పెట్టేటప్పుడు బాగా కనపడిందా?" అన్నది డాక్టరమ్మ.

డాక్టరమ్మ బాపు చేతికి మందు సీసా ఇవ్వలేదు, నా చేతికిచ్చింది. అమ్మతో మాత్రం ఒక మాట చెప్పింది. "మళ్లీ ఎవరు గుచ్చినా, ఎవరు కొట్టినా, నొస్తే గట్టిగా చెప్పు. నువ్వు చెప్పకపోతే నీకు నొప్పి లేదనుకుంటారు."

తిరుగు దారిలో బాపు ఎద్దులను కట్టి, మా వైపు చూడకుండా "ఎక్కుండ్రి" అన్నాడు. జడ్చర్ల సంబంధం ఆగిపోయింది. ఆ పిల్లకు మెల్లకన్ను అని అవ్వ ఊళ్లో చెప్పుకుంది. గంధకం మందుకు ఇల్లంతా కంపు కొట్టింది గానీ, వానలు పడే నాటికి మచ్చ మాసిపోయింది. కొడవలి మొన అచ్చు మాత్రం అమ్మ భుజం మీద ఎప్పటికీ ఉండిపోయింది.

ఇక బాపు మారాడా అంటే, ఎక్కడ మారతాడు? పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు. కొన్నాళ్లు చేతులు కట్టుకుని ఉన్నాడు. ఒక రోజు పొద్దున, దుక్కి దున్నడానికి పొద్దెక్కుతోందన్న కోపంలో ఉండగా, జొన్నరొట్టె ఒక పక్క మాడింది. బాపు రొట్టెను విసిరికొట్టి ముల్లుగర్ర అందుకున్నాడు. వీపున ఒకటి వేశాడు.

అమ్మ అరిచింది. కోస్గి డేరాలో అరిచినంత గట్టిగా కాదు గానీ, గోడ దాటడానికి చాలినంత. వీధి తలుపులన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. మా గోడ మీద వరుసగా తలలు లేచాయి. అందరికంటే ముందు లేచిన తల పక్కింటావిడది, నుదుటి మీద నా రాయి గుర్తుతో సహా.

"నోరు మూయ్యే, ఇంటి ఇజ్జత్ తీస్తున్నవ్" అని అవ్వ ఉరికి వచ్చింది.

"ఎందుకు మూస్త అత్తా? మొన్న మూసినందుకే గద పెద్దరోగమంటిరి" అన్నది అమ్మ. పొయ్యి ముందు నుంచి లేవకుండానే అన్నది. "దాక్టరమ్మ చెప్పింది. నొస్తే చెప్పాలె. నొస్తాంది. ఊరంత ఇనుండ్రి, నాకు నొస్తాంది."

బాపు ముల్లుగర్ర ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. ఇంకొకటి వేస్తే ఆమె మళ్లీ అరుస్తుంది. నోరు మూయిస్తే రోగం తిరగబెట్టిందని సాయంత్రానికల్లా ఊరు అంటుంది. ఏమీ పాలుపోక అవ్వ వైపు చూశాడు. అవ్వ కొడుకు వైపు చూసి, గోడ మీది తలల వైపు చూసి, నేల మీద చతికిలబడి చెవులు మూసుకుంది.

"ఆమెకు మంచిగనే సోయి ఉన్నది" అన్నది గోడ మీది నుంచి పక్కింటావిడ, తీర్పు చెప్పినట్టు.

ఈ గొడవలో పెనం మీది రెండో రొట్టె కూడా మాడిపోయింది. అమ్మ దాన్ని తీసి గిన్నెలో వేసి, పక్కన ఉల్లిగడ్డ, కారం పెట్టి బాపు ముందుకు జరిపింది. గోడ మీది తలలు ఇంకా కదల్లేదు. బాపు ముల్లుగర్రను మూలకు ఆనించి కూర్చున్నాడు. నల్లగా మాడిన ఆ రొట్టెను తుంచుకుని, నోరెత్తకుండా తిన్నాడు.